యానాం ఒక రోజు యాత్ర: టవరుకు ఇచ్చిన సమయం పాత వీధులకు ఇవ్వవలసింది

అమలాపురం నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి దింపే యానాం యాత్రకు మా అమ్మను తీసుకొని వెళ్లాను. వ్యాను శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకే వచ్చింది. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కబోయే ముందు బండి ఆపించి, ఈ వంతెన లేని రోజుల్లో జనం పంటు (మనుషులను, బళ్లను దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ గౌతమిని దాటిన తీరును గైడుగారు వివరిస్తుంటే, తాను ఎక్కిన పంటు గురించి అమ్మ కూడా నాలుగు మాటలు కలిపింది.

సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉండగా 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరి పాలనలో ఎందుకు ఉన్నదో అర్థం కావాలంటే చరిత్ర తెలియాలి. చర్చి దగ్గర చెట్టు నీడన కూర్చోబెట్టి గైడుగారు ఆ చరిత్రను చెప్పిన పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. 1723లో ఫ్రెంచివారు వర్తకం కోసం ఇక్కడ స్థావరం పెట్టుకోవడం, 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఊరు వారి చేతి నుంచి విడిపడడం, 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధం కావడం, అన్నీ తొందర లేకుండా, మధ్యలో ప్రశ్నలు అడగనిస్తూ చెప్పారు.

అయితే మా ఇంటికి దగ్గరైన కథను మాత్రం ఒక్క వాక్యంలో దాటవేశారు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో 14 ఏళ్లలోపు ఆడపిల్లల పెళ్లిళ్లను నిషేధించింది. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం చెల్లదు కనుక చుట్టుపక్కల కుటుంబాలు పిల్లలను ఇక్కడికి తెచ్చి పెళ్లిళ్లు జరిపించేవి, ఊరిని కల్యాణపురం అని పిలిచింది కూడా అందుకే. అమ్మ వాళ్ల అమ్మమ్మ పదేళ్ల వయసులో అలాగే ఇక్కడ పెళ్లికూతురైంది. ఆ కాలపు వీధులు చూపించమని అమ్మ అడిగితే, ఊళ్లో సందర్శకుల కోసం కట్టిన ఎత్తైన టవరుకు వేళ మించిపోతున్నదన్నారు. ఆ టవరు దూరం నుంచే కనిపిస్తుంది. దాని కింద గంటన్నర గడపవలసిన అవసరం లేదు.

పడవ షికారును పాటు వేళలో, అంటే నీరు వెనక్కి తగ్గే వేళలో పెట్టడం వల్ల నీరు తీసి, మడ చెట్ల దగ్గరకు పోలేకపోయాము. నీరు పెరిగే పోటు వేళ పడవవాళ్లకు ముందే తెలుస్తుంది కదా, దానిని బట్టి మిగిలిన కార్యక్రమాన్ని సర్దుకోవచ్చు. ఈ ఒక్కటీ సవరించి, పాత వీధులకు ఒక గంట కేటాయిస్తే, అమ్మను మళ్లీ ఇదే వ్యానులో తీసుకువెళ్తాను.