ఇద్దరి పడవా, నలుగురి పడవా?

బ్రిటన్ రోయర్ (తెడ్డు పడవ పందేల క్రీడాకారుడు) మాథ్యూ పిన్సెంట్‌కి నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. రెండు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌తో ఇద్దరి పడవలో (1992, 1996), రెండు నలుగురి పడవలో (2000, 2004). అందుకే ఈ పోలికకు ఆయనే సరైన మనిషి.

వేగం: 2000 మీటర్లకు ఇద్దరికి అట్లాంటాలో (1996) 6 నిమిషాల 20 సెకన్లు. నలుగురికి సిడ్నీలో (2000) 5 నిమిషాల 56.

శ్రమ: ఇద్దరి పడవలో మనిషికొక తెడ్డు, చెరోవైపు. ఒకరు కాస్త గట్టిగా లాగినా పడవ ముక్కు పక్కకు తిరుగుతుంది. తప్పు ఎవరిదో వెంటనే తెలిసిపోతుంది. నలుగురిలో కొంత సర్దుకుంటుంది గానీ, నలుగురి లయ కలపడం చిన్న పని కాదు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 2003 ప్రపంచ పోటీల్లో పిన్సెంట్, ఆయన కొత్త జోడీదారు జేమ్స్ క్రాక్‌నెల్ జోడీ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. మరుసటి ఏడాది ఇద్దరూ నలుగురి పడవెక్కారు. ఒలింపిక్స్‌కు కాస్త ముందు ఆ నలుగురిలో ఒకడైన అలెక్స్ పార్ట్‌రిడ్జ్‌కు ఊపిరితిత్తి దెబ్బతింటే, ఎడ్ కూడ్ ఆ సీట్లో కూర్చున్నాడు. ఏథెన్స్‌లో కెనడాపై 0.08 సెకన్ల తేడాతో గెలిచారు! జోడీలో ఒకరు పడిపోతే సగం పడవ పోయినట్టే.

రెడ్‌గ్రేవ్, పిన్సెంట్‌లా ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిన జంట దొరికితే ఇద్దరి పడవే మేలు. జట్టులో గాయాల టెన్షన్ ఉంటే, బలమైన రిజర్వ్ చేతిలో ఉంటే, నేనైతే నలుగురి పడవే అంటాను.