బ్రైటనా, మాంచెస్టరా: ఒక్క రాత్రికి ఏది?

లండన్ నుంచి వెళ్లి ఒక్క రాత్రి గే బార్లు చూసి రావాలంటే మాంచెస్టరే తేలిక. పికడిలీ స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే కెనాల్ స్ట్రీట్. కాలువ పక్కన బార్లన్నీ వరసగా ఉంటాయి, వెతుక్కునే పని లేదు. పక్కనే సాక్‌విల్ గార్డెన్స్‌లో, బెంచీ మీద కూర్చున్న అలన్ ట్యూరింగ్ (గే అయినందుకు శిక్ష పడిన గణిత శాస్త్రవేత్త) విగ్రహం, 2001 నాటిది. రైలుకి రెండు గంటల పైమాటే. టికెట్ ముందే కొనకపోతే జేబుకి చిల్లు.

బ్రైటన్ గంట ప్రయాణం, పగలు సముద్రం అదనం. బార్లు కెంప్‌టౌన్‌లో సెయింట్ జేమ్స్ స్ట్రీట్ చుట్టూ చెదిరి ఉంటాయి, స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. ఆగస్టు మొదట్లో ప్రైడ్ (ఎల్జీబీటీ ఉత్సవం) వారాంతంలో మాత్రం గది దొరకడం గగనం.

రెండుచోట్లా ఒరిజినల్ పాస్‌పోర్టు జేబులో ఉంటే మంచిది. వయసు రుజువుకి ఫోన్లో ఫొటో చూపిస్తే చాలాసార్లు తలుపు దగ్గరే ఆపేస్తారు.