తాడిపత్రి దుమ్ములో 16 ఎం.ఎం. ప్రొజెక్టర్: పదకొండేళ్ల వాడకం తర్వాత

2014లో అనంతపురంలో ఒక పాత సామాన్ల అంగట్లో 6,500కు కొన్నా. ఏదో కాలేజీవాళ్లు వేలంలో వదిలించుకున్న 16 ఎం.ఎం. (వెడల్పు ఫిల్ము ఆడించే) సౌండ్ ప్రొజెక్టర్, అమెరికా సరుకు. ఆ కాలపు మిషన్లన్నిటిదీ దాదాపు ఒకే జాతకం కాబట్టి కంపెనీ పేరు పెట్టడం లేదు. ఇన్నేళ్లలో అది తనంతట తాను చెడింది రెండుసార్లే. నా చేతుల మీదుగా చెడింది ఎన్నిసార్లో లెక్కలేదు.

ఇంటికి తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టి స్విచ్ వేశా. అది మొదటి తప్పు. ఏళ్ల తరబడి కదలని గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. మోటారు లాగుతుంది, గ్రీజు వదలదు, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పళ్లచక్రం టక్కుమంది. దానికోసం హైదరాబాద్ నుంచి ఇంకో చచ్చిన మిషన్ తెప్పించుకోవాల్సొచ్చింది, 3,000 దండగ. ముందు మూత విప్పి పాత గ్రీజు తుడిచేయాలి. పక్కనున్న గుండీ చేత్తో తిప్పుతూ, ఫిల్మును కిందికి లాగే కొక్కెం నింపాదిగా ఆడుతోందా లేదా చూడాలి. కరెంటు ఆ తర్వాతే.

తర్వాత గొంతుల గొడవ. 120 వోల్టుల మిషన్ కదా, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టా. లైటు బ్రహ్మాండంగా వచ్చింది. మాట మాత్రం బండగొంతు. ఆడమనిషి మాట్లాడినా మగవాడి మాటే. నెలరోజులు యాంప్లిఫయర్ విప్పి దాని ప్రాణం తీశా, పాపం దాని తప్పేమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుందే గాని హెర్ట్జ్ మార్చదు, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ అవుతుందో ఆ లెక్క. ఈ మోటారు వేగం దాని మీదే ఆధారపడుతుంది. అమెరికాలో 60, మనకు 50. సెకనుకు 24 ఫ్రేములు పోవాల్సిన చోట 20 పోతున్నాయి. లేత్ షాపులో మోటారు పుల్లీని 1.2 రెట్ల సైజులో తీయించా, 350 రూపాయలు. అంతే, గొంతు దారికొచ్చింది. దీని మీద పెట్టిన ఖర్చులో ఇంత సార్థకమైంది ఇంకోటి లేదు.

నూనె దగ్గర నన్ను దారిలో పెట్టింది మా వీధి పెద్దాయన. టూరింగ్ టాకీసులో కార్బన్ల కాలం (బల్బుకు బదులు కార్బన్ పుల్లలు మండించి వెలుగు తెచ్చే కాలం) నుంచి రీళ్లు తిప్పిన చెయ్యి, నేను మామా అని పిలుస్తా. బొమ్మ మసకబారిందని పిలిస్తే లెన్సు జోలికే పోలేదు. ఫిల్ము లైటు ముందునుంచి పోయే సందులో, అంటే గేటులో, వేలు పెట్టి తీసి చూపించాడు. జిడ్డు.

“ఒగ సుక్కంటే ఒగ సుక్కేరా అబ్బీ. తలంటినట్ల పోస్తే బొమ్మేం కనపడతాది?”

నిజమే, కుట్టుమిషన్ నూనె నెలనెలా పోస్తున్నా. అది జారి గేటులోకి, మాట చదివేచోట ఫిల్ము చుట్టి పోయే సౌండ్ డ్రమ్ము మీదికి చేరుతుంది. డ్రమ్ము జారిందా, పాట ఊగుతుంది. ఇప్పుడు 20 గంటల ఆటకు ఒకసారి, సూదిమొనతో.

గేటు శుభ్రం చేసేదీ ఆయన పద్ధతే. ఫిల్ము పూత అక్కడ పేరుకుని రాయవుతుంది, ప్రతి రీలునూ నిలువునా గీసేది అదే. బ్లేడుతో గోకితే గేటే గీతలు పడి పనికిరాకుండా పోతుంది. ఆయన ఎండిన వేపపుల్ల కొస నలగ్గొట్టి కుంచె చేస్తాడు. నేను దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలిస్తా. మా ఊళ్లో ఇది ఆట ఆటకూ తప్పదు. నాపరాళ్ల పాలిష్ దుమ్ము కిటికీలు మూసినా లోపలికొస్తుంది, చేతికి పౌడరులా మెత్తగా తగులుతుంది, ఫిల్ముకు మాత్రం ఉప్పుకాగితమే.

బల్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 24 వోల్టులు, 250 వాట్ల హాలోజెన్. గుడ్డతో పట్టుకోండి, ఆర్పాక ఫ్యాన్ ఐదు నిమిషాలు తిరగనివ్వండి. మాట పెదాలకు అందకపోతే మిషన్‌ను తిట్టకండి. 16 ఎం.ఎం.లో మాట బొమ్మకంటే 26 ఫ్రేములు ముందు ఉంటుంది, గేటు కింద ఫిల్ముకు వదిలే వదులు మడత, అదే కింది లూపు, రెండు వేళ్లు అటూఇటూ అయినా పట్టిస్తుంది.

ఇప్పటికీ మనసుకు పట్టేది రీళ్ల సంగతి. మూడు డబ్బాలు అటకెక్కించా. మే నెలలో మా రేకుల కింద అటకంటే పొయ్యే. రెండేళ్లకు మూత తీస్తే గుప్పున సిర్కా (వెనిగర్) వాసన. అసిటేట్ ఫిల్ము కుళ్లుతోందని దానర్థం. ఒకసారి మొదలైతే వెనక్కి రాదు, ఆ ఆవిరి పక్క డబ్బాలకూ అంటిస్తుంది. ఫిల్ము కుంచించుకుపోయి రంధ్రాలు కొక్కేనికి అందవు, లాగితే చిరుగుతుంది. రెండు పోయాయి. మిగిలిన రీళ్లన్నీ కింద బీరువాలో చేరాయి, మా ఆవిడ చీరలు అటకెక్కాయి. ఆ గొడవ వేరే.

తనంతట చెడిన రెండుసార్లూ చెప్తా. ఒకసారి ఫిల్ము మీది మాటను వెలుగుతో చదివించే సౌండ్ బల్బు మాడింది. ఇంకోసారి, 2020లో ఆరు నెలలు ముట్టుకోకపోతే బెల్టు పుల్లీ దగ్గరే మడతబడి టక్కుటక్కుమని కొట్టుకుంది. అందుకే నెలకోసారైనా తిప్పే ఓపిక లేనివాళ్లు కొనొద్దు. షోకేసులో పెట్టుకోవడానికైతే ఖాళీ డొక్కు చాలు, నాలుగో వంతు ధరకొస్తుంది.

నేను ప్రతి అమావాస్యకూ మిద్దె మీద సున్నం గోడకు 400 అడుగుల రీలు వేస్తా, 11 నిమిషాలు. మామ తప్పకుండా వస్తాడు. కుర్చీ మాత్రం గోడవైపు వేసుకోడు, మిషన్‌వైపు వేసుకుంటాడు.