కాటా సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్: పనితనం బాగుంది, పాత వెర్షన్ మాత్రం వద్దు

చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు తూచే ఒక కాటాకి సిస్టమ్ పనులు నేనే చూస్తాను. వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీ తప్ప దేనిమీదా ఎక్కదు, రాసిచ్చినాయన ఇప్పుడు ఫోన్‌కి కూడా దొరకడు, అందుకని కొత్త సిస్టమ్‌లో ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి దాని లోపల ఎక్స్‌పీ నడిపిస్తున్నాం. బేస్ ప్యాకేజీ ఫ్రీ. బరువు చూపించే కాటా ఇండికేటర్ కేబుల్‌ని యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించి, సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్‌ని హోస్ట్ డివైస్‌గా, అంటే బయటి అసలు సిస్టమ్ పోర్ట్‌గా, పెడితే చాలు, లారీ ఎక్కగానే బరువు లోపలి ఎక్స్‌పీ స్క్రీన్ మీద కనపడుతుంది. ఈ పనిలో దీనికి వంక పెట్టలేను.

నా బాధంతా సెక్యూరిటీ గురించే. లోపల వైరస్ వచ్చినా బయటికి రాదులే అని చాలామంది ధీమాగా ఉంటున్నారు. అది నిజం కాదండీ. లోపలి ఎక్స్‌పీకి కనపడే నెట్‌వర్క్ కార్డు, ఫ్లాపీ డ్రైవ్ నిజమైనవి కావు, వర్చువల్‌బాక్స్ కోడ్‌తో నడిపే నకళ్లు, ఆ కోడ్‌లో తప్పుంటే లోపలి ప్రోగ్రామ్ అసలు సిస్టమ్‌లోకి దూరిపోవచ్చు. 2015లో వెనమ్ అనే పేరుతో బయటపడింది అలాంటి తప్పే. క్యూఈఎంయూ అనే ఇలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ ఫ్లాపీ కోడ్‌లో 2004 నుంచి ఎవరికీ కనపడకుండా ఉన్న లోపం, ఆ కోడ్ వాడుకునే జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ మూడింటికీ తగిలింది. ఇదే పని చేసే వీఎంవేర్, హైపర్-వీ తప్పించుకున్నాయి. తర్వాత 2018 నవంబర్‌లో సెర్గీ జెలెన్యుక్ అనే పరిశోధకుడు వర్చువల్‌బాక్స్‌లో ఇంకో లోపాన్ని వివరాలతో సహా బయటపెట్టేశాడు. మనం ఏమీ మార్చకుండా వదిలేసే ఈ1000 అనే నకలు నెట్‌వర్క్ కార్డు, లోపలి సిస్టమ్‌ని బయటి సిస్టమ్ ద్వారా నెట్‌కి కలిపే న్యాట్ సెట్టింగ్, ఆ రెండూ ఉంటే చాలు, 5.2.20 వరకు అన్ని వెర్షన్లూ దెబ్బతిన్నట్టే. లోపల అడ్మిన్ హక్కులు ఉండాలన్నది నిజమే, కానీ మన దగ్గర ఎక్స్‌పీ అడ్మిన్‌గా కాకుండా ఎవరు నడుపుతున్నారు? పైగా ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ లోపాలు సరిచేసే ప్యాచ్‌లు 2014 ఏప్రిల్‌లోనే ఆపేసింది.

జెలెన్యుక్ చెప్పిన లోపానికి వర్చువల్‌బాక్స్ 5.2.22లో మందు వచ్చింది. అయినా మొన్న ఒంగోలులో ఒక షాపువాళ్లు కొత్త సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న 5.2.18 వేసిచ్చారు, చూసి ఒళ్లు మండిపోయింది. డబ్బు తీసుకుని చేసే పనేనా ఇది!

మా కాటాలో నెట్‌వర్క్ అడాప్టర్, ఫ్లాపీ, ఆడియో, క్లిప్‌బోర్డ్ అన్నీ తీసేశాను, ఎక్స్‌పీకి ఇంటర్నెట్‌తో పనేముంది? సాయంత్రం బిల్లుల ఫైలు తియ్యడానికి షేర్డ్ ఫోల్డర్ ఒక్కటే ఉంచాను, అదీ ఖాళీ ఫోల్డరే, సి డ్రైవ్ మొత్తం ఇవ్వలేదు. అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వెయ్యలేదు, వ్యాపారానికి వాడితే దానికి లైసెన్స్ కొనాలి.

వర్చువల్‌బాక్స్‌కి నా మార్కులు అయిదుకి నాలుగు. కొత్త వెర్షన్ వచ్చిందని చెప్తుందే గానీ తనంతట తాను వేసుకోదు, రోజంతా లారీల హడావిడిలో ఉండే కాటా మనిషి ఆ మెసేజ్ మూసేస్తాడు, ఒక మార్కు అందుకే తగ్గించాను. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి మీ వెర్షన్ చూడండి. 5తో మొదలైతే ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, లోపలి ఎక్స్‌పీ డిస్క్ అంతా ఉండే వీడీఐ ఫైలు కాపీ ఒకటి వేరే డిస్క్‌లో పెట్టుకుని, కొత్తది ఒరాకిల్ సైట్ నుంచే దించుకోండి.