లండన్ టీ, సాల్స్‌బరీ బెంచీ

2006లో లిత్వినెంకో, 2018లో స్క్రిపాల్. ఇద్దరూ రష్యా మాజీ గూఢచారులే, ఇద్దరిపైనా విషప్రయోగం జరిగింది బ్రిటన్‌లోనే. జనం స్పందన మాత్రం ఒకేలా లేదు.

లిత్వినెంకో విషయంలో అందరినీ కదిలించింది ఒక ఫొటో: జుట్టంతా రాలిపోయి, ఆస్పత్రి మంచం మీంచి సూటిగా కెమెరాలోకి చూస్తున్న మనిషి. టీలో కలిసింది పొలోనియం-210 అనే రేడియోధార్మిక విషమని లోకానికి తెలిసేసరికే ఆయన పోయారు. విమానాల్లోనూ దాని జాడ దొరికిందనగానే ప్రయాణికులకు టెన్షన్ మొదలైంది. మరుసటి ఏడాది బ్రిటన్ నలుగురు రష్యా దౌత్యవేత్తలను పంపించేసింది, అంతే.

స్క్రిపాల్ ఉండే ఇంగ్లండ్ పట్టణం సాల్స్‌బరీలో భయం నేరుగా ఇళ్లలోకే వచ్చింది. మార్చి 4న స్క్రిపాల్, ఆయన కూతురు బెంచీ మీద పడిపోతే, వారం తర్వాత అధికారులు చెప్పిందేమిటి? ఆ రోజు వాళ్లు వెళ్లిన రెస్టారెంటుకో పబ్బుకో వెళ్లినవాళ్లు బట్టలు ఉతుక్కోండి, ఫోన్లు తుడుచుకోండి అని! ఇన్నాళ్లూ ఏం చేశారని ఊళ్లోవాళ్లు మండిపడ్డారు, న్యాయంగానే. నాలుగు నెలలకు, అదే విషం నింపి ఎవరో పారేసిన సెంటు సీసా ఒక స్థానిక మహిళ ప్రాణం తీసింది. ఈసారి బ్రిటన్ 23 మంది దౌత్యవేత్తలను పంపేస్తే, 20కి పైగా దేశాలు అదే దారి పట్టాయి.

ఈ కేసులో అనుమానితులైన ఇద్దరు రష్యన్లూ టీవీలో కూర్చుని, సాల్స్‌బరీలోని 123 మీటర్ల చర్చి శిఖరం చూద్దామని వెళ్లామన్నారు. ఎవరి చెవిలో పువ్వులు పెడతారని బ్రిటన్ పగలబడి నవ్వింది.