తల్లి ఖాతాలో డబ్బా? బ్రిడ్జి కోర్సు క్యాంపా?

బడికి దూరమైన పిల్లల కోసం మన దగ్గర రెండు దారులు నడిచాయి.

ఒకటి నగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది, పిల్లలెందరున్నా ఒకే మొత్తం. 2025లో అమలైన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ లెక్కగట్టింది. ముగ్గురు పిల్లలున్న కూలీ ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. బడిలో పేరున్న పిల్లలు మధ్యలో మానకుండా ఈ డబ్బు ఆపగలదు.

రెండోది ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ దారి. శాంతా సిన్హా నాయకత్వంలో 1990లలో రంగారెడ్డి జిల్లాలో మొదలైంది. పశువులు కాసే, పొలం పనులకు పోయే పిల్లలను బ్రిడ్జి కోర్సు క్యాంపులకు తెచ్చి, వెనకబడిన చదువును అందుకునేలా నెలల తరబడి చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. అసలు కీలకం అక్కడే ఉంది. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో వారానికే మానేస్తుంది. ఆ సిగ్గును డబ్బు తీర్చలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అనే చెప్పింది.

క్యాంపులకు ఇంటింటికీ తిరిగే మనుషులు కావాలి, ఓపిక కావాలి. అయినా బడి గడపే తొక్కని పిల్ల విషయంలో నేను క్యాంపువైపే. ఇటుక బట్టీలకు వలసపోయే ఇళ్లలోనైతే నగదు పథకానికి పెట్టే హాజరు షరతే పిల్లకు అడ్డం.