గాలియం ఆర్సెనైడ్ బావి, మాలిబ్డినం డైసల్ఫైడ్ పొర: ఎక్సైటాన్ దగ్గరికి ఎలక్ట్రాన్ వస్తే

విశాఖపట్నంలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో ఉష్ణశక్తి సుమారు 26 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్సైటాన్‌కు ఎలక్ట్రాన్ అంటుకునే తీరు చూడడానికి గాలియం ఆర్సెనైడ్ క్వాంటం బావి (ఎలక్ట్రాన్లను బంధించే పలుచని అర్ధవాహక పొర), మాలిబ్డినం డైసల్ఫైడ్ ఏకపొర — ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ అంకెలోనే ఉంది.

ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జతకట్టిన ఎక్సైటాన్‌కు నికర విద్యుదావేశం లేకపోయినా, పక్కన తిరిగే ఎలక్ట్రాన్ దానిలోని ఆవేశాలను కాస్త పక్కకు జరిపి దానిని అంటిపెట్టుకుంటే ట్రయాన్ ఏర్పడుతుంది. 1958లో భౌతిక శాస్త్రవేత్త లాంపర్ట్ ఊహించిన ఈ ముగ్గురి కూటమి 1993లో కాడ్మియం టెల్యూరైడ్ క్వాంటం బావుల్లో కనిపించింది.

గాలియం ఆర్సెనైడ్ బావిలో ట్రయాన్ బంధనశక్తి 1–2 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే కనుక, ద్రవ హీలియంతో చల్లబరచనిదే అది నిలవదు. కాంతి వర్ణపటంలో గీతలు సన్నగా, శుభ్రంగా రావడం దాని గొప్ప.

సుమారు 0.65 నానోమీటర్ల మందమున్న మాలిబ్డినం డైసల్ఫైడ్ ఏకపొర కథ వేరు. ఆవేశాల మధ్య బలరేఖలు చాలావరకు పొర బయటి గాలిలోంచే సాగడం వల్ల ఆకర్షణ పెద్దగా మరుగునపడదు. అందుకే ఎక్సైటాన్ బంధం వందల మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు, ట్రయాన్ బంధం గది ఉష్ణశక్తికి దగ్గరగా, దాదాపు 20కి చేరతాయి. పొరలోకి ఎలక్ట్రాన్లను చేర్చే గేటు వోల్టేజిని పెంచుతూ పోతే వర్ణపటంలో తటస్థ ఎక్సైటాన్ శిఖరం కుంగి, దాని దిగువ శక్తి వద్ద ట్రయాన్ శిఖరం లేస్తుంది. అప్పుడు ఎక్సైటాన్‌ను చుట్టుముట్టేది ఒక్క ఎలక్ట్రాన్ కాదు, ఎలక్ట్రాన్ల సముద్రమే. దానిని ఫెర్మీ పోలరాన్‌గా, అంటే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల స్పందనను వెంటేసుకుని కదిలే ఎక్సైటాన్‌గా చూడడమే నాకు సబబుగా తోస్తుంది.

సౌకర్యం కోసం నేను ఏకపొరనే ఎంచుకుంటాను. అయితే మన సముద్రపు తేమను మరువరాదు: పొరపై చేరిన నీరు, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాగేసుకుని శిఖరాల నిష్పత్తినే మార్చేస్తాయి.